కర్నూలు ఎండల్లో ఓవర్‌క్లాకింగ్: స్కోరు పెరిగినా రేసు ఎందుకు తడబడుతుంది?

క్లుప్తంగా: రేసింగ్ సిమ్యులేటర్‌కు (సిమ్) కావలసింది పెద్ద ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) అంకె కాదు, ఒక్కో ఫ్రేమూ సమయానికి రావడం. అది ఎక్కువగా ప్రాసెసర్‌లోని ఒకటి రెండు కోర్ల వేగం మీద, క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ) మీద, ర్యామ్ మీద ఆధారపడుతుంది. ఓవర్‌క్లాకింగ్‌తో, అంటే చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి నడపడంతో, వచ్చే లాభం కొద్ది శాతమే. దానికి పెట్టాల్సిన కరెంటూ వేడీ మాత్రం అంతకు ఎన్నో రెట్లు. గదిలో 38 డిగ్రీలుండే ఊళ్లలో ఆ కొద్ది లాభం కూడా వేసవిలో చేజారుతుంది. అందుకే ఇక్కడ ముందుగా చేయాల్సింది సరిగ్గా కొలవడం, తర్వాత ర్యామ్ సెట్టింగ్, ఆ తర్వాత వోల్టేజీ తగ్గించడం. క్లాక్ పెంచడం చివరి మాట.

రాయలసీమ ఊళ్లకు పేరున్న రేస్ ట్రాక్‌లు దూరం. చూడాలంటే చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో పోవాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది కానీ మరుసటి ఏడాదికే రద్దయింది. కాబట్టి కర్నూలు, అనంతపురం, కడపల్లో కార్ రేసుల పిచ్చి ఉన్నవాళ్లకు మిగిలింది స్టీరింగ్ వీల్, పెడళ్లు, ఒక గేమింగ్ పీసీ. సికింద్రాబాద్ సీటీసీలోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో పార్టులు కొని తెచ్చుకుని, వీడియోలు చూసి సెట్టింగులు పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ వీడియోల్లో పరీక్షలు సాధారణంగా ఏసీ గదిలో, 20 నుంచి 25 డిగ్రీల మధ్య జరుగుతాయి. అవే అంకెలు ఇక్కడ బయోస్‌లో (పీసీ మౌలిక సెట్టింగులు ఉండే చోటు) పెడితే, ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ పరీక్షలో స్కోరు పెరుగుతుంది. కానీ రేసు మొదలై పావుగంట గడిచేసరికి ఆట జర్క్ కొట్టడం మొదలవుతుంది. సెట్టింగ్ తప్పా, చిప్ నాసిరకమా, ఆటే అంతా అన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు మూడూ కాదు.

సిమ్ లోపల జరిగే పని

మామూలు షూటింగ్ గేమ్‌కూ రేసింగ్ సిమ్‌కూ పని పంచుకునే తీరులోనే తేడా ఉంది. సిమ్‌లో టైరు నేలను పట్టుకునే తీరు, సస్పెన్షన్ కదలిక, గాలి ఒత్తిడి వంటివన్నీ తెరపై బొమ్మతో సంబంధం లేకుండా విడిగా, ఆగకుండా లెక్క కడుతుండాలి. 2014లో వచ్చిన అసెట్టో కోర్సా అనే సిమ్‌లో ఈ లెక్క సెకనుకు 333 సార్లు నడుస్తుంది. ఐరేసింగ్‌లో 360 సార్లు, అసెట్టో కోర్సా కాంపిటీజియోనెలో 400 సార్లు. కారు మొత్తాన్నీ వంగే, నలిగే వస్తువుగా లెక్కగట్టే బీమ్ఎన్‌జీలో ఏకంగా 2000 సార్లు. అంటే అసెట్టో కోర్సాలో ఒక విడత లెక్కకు దొరికే సమయం 3 మిల్లీసెకన్లు. ఆటే నడిపే ప్రత్యర్థి కార్లు 25 ఉంటే, ఆ 3 మిల్లీసెకన్లలోనే వాటి సంగతి కూడా తేలాలి.

ఈ లెక్కను అన్ని కోర్లకూ సమానంగా పంచడం కుదరదు. ముందు విడత ఫలితం వస్తేనే తర్వాతి విడత మొదలవుతుంది. అందుకే భారమంతా ఒకటి రెండు థ్రెడ్ల (ప్రాసెసర్ ఒక్కోటీ విడిగా నడిపే పని వరుసల) మీద పడుతుంది. టాస్క్ మేనేజర్ చూసి 'సీపీయూ 30 శాతమే వాడుతోంది, ఇంకా బోలెడు ఉంది' అనుకోవడం ఇక్కడే పొరపాటు. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా అలసిపోయినా మొత్తం వాడకంలో అది 6.25 శాతంగానే కనిపిస్తుంది. అసెట్టో కోర్సా ఇలాంటప్పుడు సీపీయూ వాడకం 99 శాతం దాటిందని తెర మీదే హెచ్చరిక చూపిస్తుంది. టాస్క్ మేనేజర్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది.

లెక్క ఆలస్యమైతే దెబ్బ బొమ్మకే పరిమితం కాదు. స్టీరింగ్‌కు వచ్చే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కూడా ఈ లెక్క నుంచే పుడుతుంది. కారు వెనుక భాగం జారబోతున్న సంగతి చేతులకు ముందు తెలియాలి, కళ్లకు తర్వాత. ఆ సంకేతం తడబడితే ఎంత ఖరీదైన వీల్ అయినా వృథా.

సగటు ఎఫ్‌పీఎస్ దాచిపెట్టేది

60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 90 అంటే 11.1, 120 అంటే 8.3. సగటు 100 ఎఫ్‌పీఎస్‌తో ఒక నిమిషం ఆడితే 6000 ఫ్రేములు వస్తాయి. వాటిలో 5940 చక్కగా వచ్చి, 60 మాత్రం ఒక్కొక్కటి 50 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటులో పెద్ద తేడా కనిపించదు. కానీ ఆడేవాడికి కనిపించేవి ఆ 60 ఫ్రేములే. 250 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 50 మిల్లీసెకన్లలో దాదాపు మూడున్నర మీటర్లు ముందుకు పోతుంది. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటి షికేన్‌కు (వేగం తగ్గించే వంకర మలుపులకు) బ్రేకు వేసే చోట ఒక్క ఫ్రేము అలా నిలిచిపోతే, బ్రేకు మూడున్నర మీటర్లు ఆలస్యంగా పడినట్టే. ముందు కారు వెనుక భాగంలో దూరిపోవడానికి అది చాలు.

బెంచ్‌మార్క్ పట్టికల్లో '1 శాతం లో' అని చూపించేది దీన్నే. అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అన్నమాట. సిమ్‌ల విషయంలో సగటు కన్నా ఈ అంకెకే విలువ. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లకైతే ఇంకా ఎక్కువ. 90 హెర్ట్జ్ హెడ్‌సెట్‌లో 11.1 మిల్లీసెకన్ల గడువు పదేపదే తప్పితే తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మామూలే.

పనికొచ్చే బెంచ్‌మార్క్ ఎలా ఉంటుంది

సినీబెంచ్ అన్ని కోర్లనూ ఒకేసారి దంచుతుంది. త్రీడీమార్క్ టైమ్ స్పై ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డును పరీక్షిస్తుంది. చిప్ ఆరోగ్యంగా ఉందో లేదో చూడటానికి రెండూ మంచివే. సిమ్ ఎలా నడుస్తుందో మాత్రం వీటితో తేలదు. ఆ పరీక్ష ఆటలోనే పెట్టాలి.

ఒకే ట్రాక్, ఒకే కారు, అదే వాతావరణం, అన్నేసి ప్రత్యర్థి కార్లు, గ్రిడ్‌లో చివరి స్థానం నుంచి స్టార్ట్. చివరి స్థానం ఎందుకంటే ముందున్న కార్లన్నీ ఒకేసారి తెర మీద ఉంటాయి కాబట్టి. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టే వి-సింక్, ఫ్రేమ్ క్యాప్ సెట్టింగులు తీసేయాలి. క్యాప్‌ఫ్రేమ్ఎక్స్ గానీ ప్రెజెంట్‌మాన్ గానీ పెట్టి ఫ్రేమ్ టైములు రికార్డు చేయాలి. మొదటి రెండు నిమిషాలు కనీసం మూడుసార్లు నడిపి చూడాలి. మూడింటి మధ్యే ఐదు శాతం తేడా వస్తుంటే, ఏదో సెట్టింగ్ వల్ల మూడు శాతం లాభం వచ్చిందనడానికి అర్థం లేదు. చాలామంది సౌకర్యం కోసం రీప్లే పెట్టి కొలుస్తారు. అది సరైన పద్ధతి కాదు. రీప్లేలో జరిగిపోయిన కదలికలనే చూపిస్తారు కాబట్టి ఫిజిక్స్ లెక్క నడవదు. ప్రాసెసర్ మీద రేసులో పడేంత భారం పడదు.

ఎక్కడ ఇరుకు ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. రిజల్యూషన్ సగానికి తగ్గించి అదే స్టార్ట్ మళ్లీ నడపాలి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఇరుకు ప్రాసెసర్ దగ్గర ఉంది. బాగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది. ఒక ఫుల్ హెచ్‌డీ తెరకు ఫ్రేముకు సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, మూడు తెరలు పెడితే 62 లక్షలు. మూడు తెరల సెటప్‌లో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి 'ఏమీ మారలేదు' అనేవాళ్లు ఈ పరీక్ష ముందే చేసుకుంటే ఒక ఆదివారం మిగిలేది.

ఇక్కడి ఊళ్లకు ప్రత్యేకంగా కావలసిన ఇంకో అంకె గది ఉష్ణోగ్రత. చవకగా దొరికే డిజిటల్ థర్మామీటర్ క్యాబినెట్ ముందు పెట్టి, ప్రతి పరీక్ష పక్కనా ఆ అంకె రాసుకోవాలి. రాత్రి పదింటికి తీసిన ఫలితాన్ని మధ్యాహ్నం రెండింటి ఫలితంతో పోల్చి 'కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ బాగాలేదు' అనుకోవడం తరచూ జరిగేదే.

క్లాక్ పెంచితే వచ్చేదెంత, పోయేదెంత

చిప్ తినే కరెంటు స్థూలంగా క్లాక్ వేగానికి, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. క్లాక్ 5 శాతం పెంచడానికి వోల్టేజీ 1.20 నుంచి 1.32కు, అంటే 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం. 1.05ను 1.21తో హెచ్చిస్తే 1.27. ఐదు శాతం వేగానికి 27 శాతం అదనపు కరెంటు. అదంతా వేడిగానే బయటికి వస్తుంది.

లాభం వైపు చూస్తే, 14 మిల్లీసెకన్ల ఫ్రేము మొత్తం ప్రాసెసర్ లెక్కే అయినా, 5 శాతంతో అది 13.3కు దిగుతుంది. 71 ఎఫ్‌పీఎస్ 75 అవుతుంది. నిజానికి అంత కూడా రాదు. ఫ్రేములో కొంత సమయం ర్యామ్ నుంచి డేటా కోసం ఎదురుచూడటంలోనే పోతుంది. కోర్ ఎంత వేగంగా తిరిగినా ఆ ఎదురుచూపు తగ్గదు. ఇదే ఆటలో కనిపించే ప్రత్యర్థి కార్ల సంఖ్య 24 నుంచి 16కు తగ్గించినా, కారు రేర్‌వ్యూ అద్దాల నాణ్యత ఒక మెట్టు దించినా అంతకన్నా ఎక్కువే కలిసిరావచ్చు. అద్దాల కోసం అదే దృశ్యాన్ని వెనుక వైపు నుంచి ఇంకోసారి గీయాలి మరి.

పదిహేనేళ్ల కిందట పరిస్థితి వేరు. అప్పటి చిప్‌లను కంపెనీలు చాలా జాగ్రత్తగా, తక్కువ వేగంతో అమ్మేవి. ఓవర్‌క్లాక్ చేసి 20, 30 శాతం రాబట్టినవాళ్లున్నారు. ఇప్పటి ప్రాసెసర్లు వేడి, వోల్టేజీ చూసుకుంటూ తమంతట తామే అంచు దాకా వేగం పెంచుకుంటున్నాయి (బూస్ట్). ఓవర్‌క్లాకింగ్ పేరు అలాగే నిలిచింది కానీ అందులో మిగిలిన గుజ్జు తక్కువ. పైగా అన్ని చిప్‌లకూ కుదరదు. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్న చిప్, జెడ్ సిరీస్ మదర్‌బోర్డు ఉండాలి. ఏఎండీలో చాలా బి సిరీస్ బోర్డులు ఒప్పుకుంటాయి, చవకైన ఎ320, ఎ520 బోర్డులు అధికారికంగా ఒప్పుకోవు.

మే నెల లెక్క

ఏ కూలరైనా చేసేది ఒక్కటే, చిప్ వేడిని చుట్టూ ఉన్న గాలికి అప్పగించడం. గాలి కన్నా చల్లగా చిప్‌ను అది ఉంచలేదు. లిక్విడ్ కూలర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. నీళ్లున్నంత మాత్రాన అది ఫ్రిజ్ కాదు.

ఉదాహరణకు ఒక్కో వాటుకు 0.4 డిగ్రీలు పెరిగే కూలర్‌ను తీసుకుందాం. చిప్ 120 వాట్లు తింటుంటే క్యాబినెట్ లోపలి గాలి కన్నా 48 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడి వల్ల క్యాబినెట్ లోపల గది కన్నా 6 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకుంటే, జనవరి రాత్రి 22 డిగ్రీల గదిలో చిప్ 76 దగ్గర ఆగుతుంది. పైన చెప్పిన ఓవర్‌క్లాక్‌తో 152 వాట్లకు పెరిగితే 89. రెండూ క్షేమమే. మే మధ్యాహ్నం ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో 38 డిగ్రీలున్నప్పుడు, మామూలు సెట్టింగ్‌లోనే 92. ఓవర్‌క్లాక్‌తో లెక్క ప్రకారం 105. చాలా డెస్క్‌టాప్ చిప్‌ల పరిమితి 90 నుంచి 100 మధ్య. కాబట్టి 105 ఎప్పటికీ రాదు, ఆ లోపే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆటలో ప్రాసెసర్ ఎప్పుడూ 120 వాట్లు తినదన్నది నిజమే. అయితే లెక్క వాలు మాత్రం ఇదే.

ఇందులో ఎక్కువమంది గమనించని మెలిక ఒకటుంది. వోల్టేజీని చేత్తో ఎక్కువకు బిగించేశాక, వేడి పరిమితి దగ్గర చిప్ క్లాక్ తగ్గించుకున్నా వోల్టేజీ అలాగే ఉంటుంది. ప్రతి మెగాహెర్ట్జ్‌కూ ఎక్కువ కరెంటు పెడుతూనే ఉంటుంది. ఫలితంగా చివరికి నిలిచే వేగం ఓవర్‌క్లాక్ చేయని స్థితి కన్నా తక్కువగా ఉండవచ్చు. స్కోరు ఎక్కువ, రేసు నెమ్మది అనే వింతకు మూలం ఇదే. స్కోరు పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, కూలర్, క్యాబినెట్, గది ఇంకా పూర్తిగా వేడెక్కవు. రేసు నలభై నిమిషాలు నడుస్తుంది.

గది కూడా ఊరుకోదు. మొత్తం మీద 500 వాట్లు తినే పీసీ ఆ 500 వాట్లనూ గదిలోకే వదులుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో ఏడో వంతు దీనికే పోతుంది. ఏసీ లేకపోతే గది ఉష్ణోగ్రత రేసుతో పాటే ఎక్కుతుంది. సీమలో వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఆ గాలి పీసీకి తగలడం వల్ల నష్టం లేదు. లోపలి భాగాలు గాలి కన్నా వేడిగా ఉంటాయి కాబట్టి తేమ వాటి మీద చుక్కగా పేరుకోదు. కానీ కూలర్ నుంచి తుంపరలు నేరుగా క్యాబినెట్ మీద పడకూడదు. తడి దుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య బంకలా అంటుకుంటే బ్లోయర్‌తో కూడా పోదు. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి నాపరాళ్లు కోసే ఊళ్లలో దుమ్ము ఫిల్టర్ నెలకోసారి కడిగినా ఎక్కువేమీ కాదు.

ర్యామ్, క్యాష్: తక్కువ వేడితో ఎక్కువ లాభం

ప్రాసెసర్ ఎదురుచూపు తగ్గించడానికి రెండు దారులు. ఒకటి డేటాను చిప్ లోపలే ఎక్కువగా ఉంచడం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి దీనికి మంచి సాక్ష్యం. దాని అన్న 5800ఎక్స్ గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్, దీనిది 4.5 మాత్రమే. మామూలుగా ఓవర్‌క్లాక్ చేయడానికి కూడా ఒప్పుకోదు. కానీ ఎల్3 క్యాష్ 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెరిగింది. కాంపిటీజియోనె లాంటి సిమ్‌లలో నెమ్మదైన చిప్పే స్పష్టంగా ముందుంటుంది. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డి, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డి సిమ్ ఆడేవాళ్లకు మొదటి ఎంపికగా మారడానికి కారణం ఇదే.

రెండోది పైసా ఖర్చు లేనిది. కొన్న ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉన్నా, బయోస్‌లో ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే డీడీఆర్5 సాధారణంగా 4800 దగ్గరో, 5600 లోపో నడుస్తుంటుంది. షాపులో బిగించి ఇచ్చిన పీసీల్లో ఈ సెట్టింగ్ ఆఫ్‌లో ఉండిపోవడం అరుదేమీ కాదు. అంకె ఒక్కటే చూస్తే కూడా చాలదు. డీడీఆర్4 3200లో సీఎల్ (స్పందనకు పట్టే క్లాక్ చక్రాల సంఖ్య) 16 అంటే మొదటి స్పందనకు 10 నానోసెకన్లు, అదే 3200లో సీఎల్ 22 అంటే 13.75. డీడీఆర్5 6000, సీఎల్ 30 అయినా మళ్లీ 10 నానోసెకన్లే. రెండు స్లాట్లలో జతగా ఉండాల్సిన ర్యామ్ ఒకే కర్రగా (మాడ్యూల్‌గా) ఉంటే, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ గురించి మాట్లాడటమే తొందరపాటు.

వోల్టేజీ తగ్గించడం

అండర్‌వోల్టింగ్ అంటే అదే వేగాన్ని తక్కువ వోల్టేజీతో నడపడం. కంపెనీ ప్రతి చిప్‌కూ కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతుంది, నాసిరకం చిప్ కూడా నడవాలి కదా. ఆ మిగులును తీసేస్తే, వర్గం లెక్క ఈసారి మనవైపు పనిచేస్తుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే కరెంటు దాదాపు 10 శాతం తగ్గుతుంది. వేడి తగ్గేసరికి చిప్ తన బూస్ట్ వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్‌లలో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ ఉంది. మైనస్ 10తో మొదలుపెట్టి మెల్లగా దిగడం మంచిది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించితే చాలా కార్డుల్లో పోయే ఎఫ్‌పీఎస్ కొద్దిగానే ఉంటుంది, తగ్గే వేడి మాత్రం చేతికి తెలుస్తుంది. వీడియో మెమరీని ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డులు డేటాలో తప్పు వస్తే గుర్తించి మళ్లీ పంపుతాయి. కాబట్టి హద్దు దాటినా వెంటనే తెర మీద గీతలు రావు, క్రాష్ కాదు. మళ్లీ మళ్లీ పంపడంలో సమయం పోయి ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. అంకె పెంచిన ప్రతిసారీ కొలవకపోతే ఈ సంగతి బయటపడదు.

ల్యాప్‌టాప్ వాడే విద్యార్థులకు దాదాపు మిగిలేది ఈ అండర్‌వోల్టింగ్ ఒక్కటే, అదీ తయారీదారు లాక్ చేయకపోతే.

కరెంటు వైపు లెక్కలు

కిందటి తరం చిన్న యూపీఎస్ చాలా ఇళ్లలో ఉంది. దాని మీద 600 వీఏ అని ఉంటే 600 వాట్లు అనుకుంటారు. చాలా మోడళ్లలో అసలు సామర్థ్యం 360 వాట్ల దగ్గరే. మామూలుగా 330 వాట్లు తినే పీసీ ఓవర్‌క్లాక్ తర్వాత 400 దాటితే, రేసు మధ్యలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఒక్క కూత కూసి పీసీని ఆపేస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొత్త ఎస్ఎంపీఎస్‌లు (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లైలు) సరిగ్గా నడవకపోవడం కూడా ఉంది. బిల్లు మాత్రం అంత భయపెట్టేది కాదు. 100 వాట్లు అదనంగా, రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 9 యూనిట్లు. ఏసీ వేసుకునే నెలల్లో ఆ 9 యూనిట్లు పై స్లాబులో పడతాయన్నదే తేడా.

నిలకడ, వారంటీ

ఓవర్‌క్లాకైనా అండర్‌వోల్టైనా నిలకడ పరీక్ష డిసెంబరులో పెట్టి ఊరుకుంటే సరిపోదు. వేడి పెరిగే కొద్దీ అదే వేగానికి చిప్ ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. చలికాలంలో నడిచిన సెట్టింగ్ ఏప్రిల్‌లో ఆటను మధ్యలోనే మూసేసి డెస్క్‌టాప్ మీదికి తోసేస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ (హార్డ్‌వేర్ తప్పుల) ఎర్రర్లు కనిపిస్తే అది తొలి సూచన. ఓసీసీటీ, మెమ్‌టెస్ట్86 పరీక్షలు ఎండాకాలపు మధ్యాహ్నం నడిపితేనే వాటికి విలువ.

పెట్టిన వోల్టేజీ ఎంతవరకు క్షేమమన్నది కంపెనీలకే ఒక్కోసారి అర్థం కాలేదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాక, ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీని (చిప్‌లో మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందే వోల్టేజీని) 1.3 వోల్టులకు కట్టడి చేసింది. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఆ వోల్టేజీని అంతకన్నా పైకి తీసుకెళ్లేవి. 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్‌లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా పాడవుతున్నాయని తేలింది. మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) మార్చి, వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. ఈ రెండు రకాల చిప్‌లూ వాడేవాళ్లు ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా కొత్త బయోస్ వేసుకోవాలి. ఓవర్‌క్లాకింగ్‌తో పాడైన చిప్‌కు వారంటీ వర్తించదని రెండు కంపెనీలూ షరతుల్లో రాసుకున్నాయి. వర్తించినా పార్టు కొన్నది సీటీసీలోనో ఎస్పీ రోడ్డులోనో అయితే అక్కడికే పోవాల్సి రావచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మొత్తానికే లేవకపోవచ్చు. కాబట్టి ఆ పని యూపీఎస్ మీద, కరెంటు కోతలు తక్కువుండే పూట చేయాలి.